మరక పట్టని ఉక్కు – సీసాలు కడిగిన హ్యారీ బ్రియర్లీ

ఈసారి గోడపత్రికకు గొప్పవాళ్ళ జీవితాలు రాయమని మేడమ్ చెప్పినప్పుడు మా క్లాసులో చాలామంది కవులనూ సంఘసంస్కర్తలనూ తీసుకున్నారు. నేను ఒక ఉక్కు మనిషిని తీసుకున్నాను. ఉక్కు మనిషి అనగానే పటేల్ గారనుకోకండి. పొద్దున కాఫీ తాగే డబరా టంబ్లరు, మధ్యాహ్నం హాస్టల్ వరండాలో విప్పే క్యారియర్, వంటింట్లో పోపుల డబ్బా – ఇవన్నీ ఏ లోహంతో చేస్తారో ఆ లోహాన్ని మన వంటింటి దాకా నడిపించినవారిలో ముఖ్యులు ఈయన. పేరు హ్యారీ బ్రియర్లీ. ఊరు ఇంగ్లండులోని షెఫీల్డ్.

తమిళనాడులో పుట్టి పెరిగిన మనకు ఆ లోహం పేరు ఎవర్‌సిల్వర్. మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. రెండింటిలోనూ అదే మాట. ఆంధ్రా నుంచి వచ్చే చుట్టాలు స్టీలు అంటారు. పుస్తకాల్లో స్టెయిన్‌లెస్ స్టీలు అని ఉంటుంది, అంటే మరక పట్టని ఉక్కు. పేరు ఏదైనా అందులో ఒక హామీ ఉంది: ఇది ఎప్పటికీ మెరుస్తూనే ఉంటుందని. ఆ హామీ ఎక్కడ పుట్టింది, ఎంతవరకు నిజం అన్నదే ఈ వ్యాసం.

బ్రియర్లీ 1871 ఫిబ్రవరి 18న షెఫీల్డులో పుట్టారు. తొమ్మిది మంది పిల్లల్లో ఎనిమిదోవాడు. నాన్న జాన్ ఉక్కు కరిగించే పనివాడు, అమ్మ జేన్ ఒక కమ్మరి కూతురు. ఇల్లు చిన్నది, జనం ఎక్కువ, డబ్బు తక్కువ. ఆ రోజుల్లో షెఫీల్డ్ అంటే కత్తులు, కత్తులంటే షెఫీల్డ్. మన వైపు పట్టుచీరకు కంచి ఎలాగో, కత్తికీ కత్తెరకూ లోకానికి ఆ ఊరు అలాగ. ఊరంతా పొగ, ఊరంతా సుత్తి మోత.

అప్పటి ఉక్కు పని ఎలా ఉండేదో తెలిస్తే ఆ పిల్లవాడి బాల్యం అర్థమవుతుంది. మట్టిమూసల్లో ఇనుము పెట్టి బొగ్గు నిప్పుల మీద కరిగించేవారు. ఆ మూసలకు కావలసిన బంకమట్టిని మనుషులు ఒట్టి కాళ్ళతో గంటల తరబడి తొక్కి మెదిపేవారు. కరిగిన తర్వాత తెల్లగా మండుతున్న మూసను పొడుగు పట్టకారుతో ఒక మనిషి పైకి లాగాలి. కాళ్ళు కాలకుండా తడి గోనెపట్టలు చుట్టుకునేవారు. ఉక్కు తయారైందా లేదా అని చెప్పడానికి యంత్రం లేదు. రంగు చూసి కన్ను చెప్పాలి. హ్యారీ నాన్న కన్ను అలాంటి కన్ను. ఆ కొలిమి చుట్టూ తిరుగుతూ, పెద్దవాళ్ళు ఏం చూస్తున్నారో తానూ చూస్తూ పెరిగాడు హ్యారీ.

పన్నెండేళ్ళకు బడి ఆగిపోయింది. నాన్న పనిచేసే థామస్ ఫర్త్ అండ్ సన్స్ కంపెనీలో కొలిమి కింది నేలమాళిగలో ఎత్తుపొత్తు పనులకు కుదిరాడు. ఆ వయసు పిల్లవాడు అక్కడ పనిచేయడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి అది ఎక్కువ కాలం సాగలేదు. తర్వాత అదే కంపెనీ రసాయన ప్రయోగశాలలో ఇంకో పని దొరికింది. ఏం పని? సీసాలు కడగడం.

నేను ఈయన్ని ఎంచుకోవడానికి కారణం ఈ ఒక్క వాక్యమే. మా నైన పాత్రలకు పాలిష్ పట్టే పట్టెడలో పనిచేస్తారు. ఆరో తరగతి దాటలేదు. రేకును చక్రానికి ఆనించగానే అది మంచిదో కల్తీదో చేతికి తెలిసిపోతుందంటారు. కాని నన్ను దింపడానికి కాలేజీకి వస్తే మాత్రం గేటు దగ్గరే ఆగిపోతారు. లోపలికి రమ్మంటే, చదువుకున్నవాళ్ళ చోట నాకేం పని తల్లీ అంటారు. చదువు ఎక్కడ మొదలవుతుంది, చేతిపని ఎక్కడ ముగుస్తుంది అని నాకు ఎప్పటినుంచో ఒక సందేహం. బ్రియర్లీ జీవితం ఆ గీతను చెరిపేస్తుంది.

ఆ ప్రయోగశాల పెద్ద జేమ్స్ టేలర్. ఆయన ఈ పిల్లవాణ్ణి సీసాలు కడిగేవాడిగా మాత్రమే చూడలేదు. లెక్కలు నేర్పించారు, పుస్తకాలు చదవమని తోశారు. దాంతోపాటు చెక్కపని, అతుకు పెట్టడం, గాజు గొట్టాన్ని ఊది వంచడం లాంటి చేతిపనులు కూడా నేర్పారు. పగలు పని, రాత్రి చదువు. సీసాలు కడిగినవాడు కొన్నేళ్ళకు ఆ సీసాల్లో ఏముందో తేల్చి చెప్పే విశ్లేషకుడయ్యాడు. ఉక్కులో కార్బన్ ఎంత, గంధకం ఎంత, మాంగనీసు ఎంత అని లెక్క తేల్చడంలో షెఫీల్డులో ఆయనకు పేరు వచ్చింది. 1895లో హెలెన్‌ను పెళ్ళి చేసుకున్నారు. కొడుక్కి లియో టేలర్ అని పేరు పెట్టుకున్నారు; అందులో గురువు పేరు కూడా ఉంది చూడండి. 1902లో ఫ్రెడ్ ఇబ్బట్సన్‌తో కలిసి ఉక్కు కర్మాగారపు పదార్థాల విశ్లేషణ మీద ఒక పుస్తకం వేశారు. మరుసటి ఏడు యురేనియం విశ్లేషణ మీద ఇంకొకటి. పన్నెండేళ్ళకు బడి మానినవాడు ముప్పై రెండేళ్ళకు రెండు శాస్త్రగ్రంథాలకు కర్త.

1904లో కంపెనీ ఆయన్ని రీగాకు పంపింది. ఇప్పుడది లాట్వియా రాజధాని, అప్పుడు రష్యా సామ్రాజ్యంలో భాగం. వెళ్ళిన మరుసటి ఏడే 1905 విప్లవం వచ్చింది. సమ్మెలు, కాల్పులు, అల్లర్లు. ఆ గొడవల మధ్యే ఆయన మీద ఫ్యాక్టరీ బాధ్యత కూడా పడింది. ఉక్కును గట్టిపరచడానికి కొలిమి వేడి ఖచ్చితంగా తెలియాలి. దానికి ఆయన పట్టుకున్న ఉపాయం ఒకటుంది. ఒక్కో రకం ఉప్పు మిశ్రమం ఒక్కో వేడి దగ్గర కరుగుతుంది. అలాంటి మిశ్రమాలను చిన్న బిళ్ళలుగా చేసి కొలిమిలో పెడితే, ఏది కరిగిందో చూసి వేడి ఎంతో చెప్పేయవచ్చు. నాన్న కంటితో పట్టుకున్నదాన్ని కొడుకు ఎవరైనా పట్టుకోగలిగేట్టు చేశాడన్నమాట.

1907లో తిరిగి షెఫీల్డ్ వచ్చారు. 1908లో ఫర్త్ కంపెనీ, పక్కనున్న జాన్ బ్రౌన్ కంపెనీ కలిసి బ్రౌన్ ఫర్త్ పరిశోధనశాల పెట్టి దాన్ని బ్రియర్లీ చేతిలో పెట్టాయి. ఆయన పాతికేళ్ళ ప్రయాణం సీసాలు కడిగే తొట్టి నుంచి పరిశోధనశాల అధిపతి కుర్చీ దాకా సాగింది.

ఇక్కడ ఆ ఊరివాడే అయిన మరో మనిషిని తలచుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆయన హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ. 1826లో పుట్టి, సరిగ్గా ఆ 1908లోనే పోయారు. బ్రియర్లీలాగా బీదవాడు కాదు, తాతల ఆస్తి మీద జీవిస్తూ శాస్త్రం చదివినవాడు. రాళ్ళను పల్చటి పొరలుగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. కొండల సంగతి తెలుసుకోవడానికి సూక్ష్మదర్శిని ఏమిటని కొందరు నవ్వారు. 1863లో అదే పని ఉక్కుతో చేశారు. ఉక్కులోంచి వెలుతురు పోదు కదా, అందుకని ముక్కను అద్దంలా నునుపు చేసి, దాని మీద పల్చటి ఆమ్లం పూసి, పైనుంచి పడే వెలుతురులో చూశారు. ఒకే ముద్దలా కనిపించే ఉక్కు లోపల గింజలు గింజలుగా, పొరలు పొరలుగా ఉందని తెలిసింది. ఇరవై ఏళ్ళదాకా ఆ పనిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కాని బ్రియర్లీ కాలానికి ప్రతి ఉక్కు ప్రయోగశాలలోనూ అది నిత్యకృత్యం అయిపోయింది.

ఆమ్లం ఎందుకంటే, నునుపు చేసిన ఉక్కును అలాగే చూస్తే అద్దమే కనిపిస్తుంది, లోపలి నిర్మాణం కనిపించదు. ఆల్కహాలులో కొంచెం నత్రికామ్లం కలిపి పూస్తే ఆమ్లం అన్నిచోట్లా ఒకేలా తినదు. గింజల అంచుల దగ్గర ఎక్కువ తింటుంది. ఆ తిన్న గీతలే బొమ్మగా కనిపిస్తాయి. ముగ్గు వేసిన తర్వాతే గడపకు అందం వచ్చినట్టు, ఆమ్లం తిన్న తర్వాతే ఉక్కు మాట్లాడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

1912లో బ్రియర్లీని తుపాకుల సమస్య చూడమన్నారు. తుపాకీ పేల్చిన ప్రతిసారీ వేడి వాయువుల వల్ల గొట్టం లోపలి భాగం కొంచెం కొంచెం అరిగిపోయేది. ఇది తుప్పు కాదు, అరుగుదల. ఎక్కువ వేడికి కరిగే ఉక్కు అయితే తట్టుకుంటుందేమో అని ఆయన క్రోమియం ఎక్కువ వేసిన ఉక్కులు ప్రయత్నించారు. మట్టిమూసల్లో చేసిన మొదటి పోతలు సరిగ్గా రాలేదు. 1913 ఆగస్టు 13న విద్యుత్ కొలిమిలో పోసిన ఉక్కులో 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్నాయి. దాంతో తుపాకీ సమస్య తీరిందా అంటే, లేదు. ఆయన వెతికింది దొరకలేదు.

దొరికింది వేరేది. కొత్త ఉక్కు ముక్కను మామూలుగా నునుపు చేసి, మామూలుగా ఆమ్లం పూసి, సూక్ష్మదర్శిని కింద పెట్టారు. బొమ్మ రాలేదు. ఆమ్లం దాన్ని తినలేదు. ముక్క అద్దంలాగే ఉండిపోయింది.

నన్ను ఆలోచనలో పడేసింది ఈ చోటే. రోజుకు ఎన్నో ముక్కలు చూసే ప్రయోగశాలలో ఒక ముక్క బొమ్మ ఇవ్వకపోతే ఏం చేస్తారు? ఆమ్లం పాతదైందని పారబోసి కొత్తది కలుపుతారు. లేదా ముక్క పాడైందని పక్కన పడేస్తారు. చెత్తకుప్పలో పడేసిన ముక్క తుప్పు పట్టకుండా మెరుస్తూ కనిపించిందని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. ఆ కథ సినిమాకు బాగుంటుంది. కాని అసలు సంగతి దానికంటే నిదానమైనది. ఆమ్లం ఎందుకు తినలేదు అని ఆయన అక్కడే ఆగారు. వేరే ఆమ్లాలు పెట్టి చూశారు. వెనిగర్, నిమ్మరసం లాంటి వంటింటి పులుపులు కూడా పెట్టి చూశారు. అదే ఉక్కును కాల్చి చల్లార్చి గట్టిపరిస్తే పులుపుకు లొంగడం లేదు, మెత్తపరిస్తే కొంత లొంగుతోంది అని గమనించారు. అంటే ఇది అదృష్టం కాదు, దీనికో పద్ధతి ఉంది. సూక్ష్మదర్శినిలో ఏమీ కనిపించకపోవడాన్నే ఆయన ఒక కనిపించడంగా తీసుకున్నారు.

ఆయన షెఫీల్డ్ పిల్లవాడు కదా, మనసు వెంటనే కత్తుల మీదికి పోయింది. అప్పటి భోజనాల బల్ల మీది కత్తులు మామూలు ఉక్కువి. పండు కోసినా, వెనిగర్ తగిలినా నల్లబడేవి. వాడిన ప్రతిసారీ పొడి వేసి రుద్ది, తుడిచి, ఆరబెట్టాలి. డబ్బున్నవాళ్ళు పళ్ళకూ చేపలకూ వెండి పూత కత్తులు వాడేవారు. ఆ రుద్దే పని చేసేది ఎవరు? ఇంటి ఆడవాళ్ళు, పనిమనుషులు. బూడిదతో, చింతపండుతో ఇత్తడి బిందెలు తోమిన మన అవ్వల చేతులను తలచుకుంటే ఈ ఉక్కు విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. తుపాకీ కోసం మొదలైన పరిశోధన గిన్నెల దగ్గరికి చేరింది. అది నాకు చాలా నచ్చిన మలుపు.

కాని యజమానులకు నచ్చలేదు. కంపెనీ పెద్దలు ఉత్సాహం చూపలేదు. కత్తులు చేసేవాళ్ళకు ముక్కలు పంపితే, ఇది సుత్తికి లొంగదు, పదును పట్టదు అని తిరిగి చెప్పారు. తెగని కత్తులు కనిపెట్టినవాడని ఊళ్ళో వేళాకోళం కూడా జరిగింది. అప్పుడు కలిసొచ్చిన మనిషి ఎర్నెస్ట్ స్టువార్ట్, మోస్లీ కత్తుల కంపెనీ మేనేజరు. 1914లో ఆయన స్వయంగా కత్తులు చేయించి చూశారు. మొదటిసారి పనిముట్లు మొద్దుబారిపోయాయి. రెండోసారి కత్తులు పెళుసుగా వచ్చాయి. మూడోసారి బ్రియర్లీ పక్కన నిలబడి, ఎంత వేడిలో కొట్టాలో చూపించారు. కత్తి కుదిరింది. బ్రియర్లీ ఈ ఉక్కును తుప్పు పట్టనిది అని పిలిచేవారు. వెనిగర్‌లో పెట్టి చూసిన స్టువార్ట్ దానికి మరక పట్టనిది అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచింది. అంటే లోకమంతా పలికే స్టెయిన్‌లెస్ అన్న మాట ఒక కత్తుల పనివాడి నోటినుంచి వచ్చింది.

తర్వాత తగాదా. ఈ ఉక్కు మీద హక్కు ఎవరిది? కనిపెట్టినవాడిదా, జీతం ఇచ్చినవాడిదా? బ్రియర్లీకీ కంపెనీకీ కుదరలేదు. 1915లో ఆయన తాను సీసాలు కడిగిన కంపెనీని వదిలి బ్రౌన్ బేలీ అనే వేరే ఉక్కు కంపెనీకి వెళ్ళిపోయారు. జాన్ మాడక్స్ అనే ముసలాయన ప్రోత్సాహంతో అమెరికాలో పేటెంటుకు పెట్టుకున్నారు, 1916లో వచ్చింది. అక్కడ ఎల్వుడ్ హేన్స్ అనే ఆయన కూడా అలాంటి ఉక్కుకే దరఖాస్తు పెట్టి ఉన్నారు. చివరికి ఇద్దరి హక్కులూ ఒకే కంపెనీ కిందికి చేరాయి. ఈలోగా మొదటి ప్రపంచయుద్ధం. ఈ ఉక్కు కత్తులకు కాక విమానం ఇంజన్ల వాల్వులకు పోయింది.

నిజాయితీగా చెప్పాలంటే స్టెయిన్‌లెస్ స్టీలును కనిపెట్టింది బ్రియర్లీ ఒక్కరే అనడం సరికాదు. ఫ్రాన్సులో లియోన్ గీయే అంతకు ముందే ఇలాంటి క్రోమియం ఉక్కులు చేసి చదివారు, కాని తుప్పు సంగతి పట్టించుకోలేదు. జర్మనీలో మొన్నార్ట్జ్ 1911లో క్రోమియం వల్ల ఉక్కు ఆమ్లాలను ఎలా తట్టుకుంటుందో రాశారు. అక్కడే క్రుప్ కంపెనీలో స్ట్రాస్, మౌరర్ అనేవాళ్ళు 1912లో క్రోమియంతో పాటు నికెల్ కలిపిన ఉక్కు చేశారు. మన గిన్నెల్లో మంచి రకం మీద 18/8 అని అచ్చు ఉంటుంది, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. ఆ పాళ్ళు 1924లో షెఫీల్డులోనే కుదిర్చినవారు, బ్రియర్లీ వదిలిన కుర్చీలో కూర్చున్న విలియం హాట్‌ఫీల్డ్. ఇంతమంది ఉన్నా బ్రియర్లీ పేరు ఎందుకు నిలిచిందంటే, నా ఉద్దేశంలో, ప్రయోగశాలలో చూసినదాన్ని వంటింటి పనిగా ఊహించి, అయ్యేదాకా వదలని మనిషి ఆయన.

ఇప్పుడు ఆ హామీ సంగతి. మా అవ్వ ఉప్పును ఎవర్‌సిల్వర్ డబ్బాలో పోయనివ్వదు. ఉప్పు జాడీలోనే ఉండాలి, ఊరగాయ కూడా అంతే. చెమ్మ తగిలిన ఉప్పు స్టీలు డబ్బాలో చాలా రోజులుంటే అడుగున సూదితో పొడిచినట్టు చుక్కలు పడతాయి. కొన్నాళ్ళకు ఒక చుక్క చిల్లు అవుతుంది. దీన్ని గుంట తుప్పు అనవచ్చు. మామూలు ఇనుము ఒళ్ళంతా ఎర్రబడి అరుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అలా అరవదు. పైకి మెరుస్తూనే ఉండి ఒక్కచోట లోతుగా తినేసుకుంటుంది.

కారణం ఇది. క్రోమియం ఉన్న ఉక్కు గాలి తగలగానే తన మీద తానే ఒక సన్నని ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. దాని మందం కొన్ని నానోమీటర్లే. మన తల వెంట్రుక వేలాది నానోమీటర్ల మందం కాబట్టి ఎంత సన్నమో ఊహించుకోండి. గీత పడితే ఆ పొర మళ్ళీ దానంతట అదే కట్టుకుంటుంది. 1913లో బ్రియర్లీ ముక్కను ఆమ్లం నుంచి కాపాడింది అదే. ఉప్పులోని క్లోరైడు ఆ పొరలో బలహీనమైన చోటును వెతుక్కుంటుంది. చాలాసార్లు ఆ చోటు ఉక్కులో మిగిలిపోయిన మాంగనీసు సల్ఫైడ్ రేణువు. రేణువు కరిగి గుంట పడితే లోపలి నీరు ఆమ్లంగా మారుతుంది, ఇంకా క్లోరైడును లాక్కుంటుంది, పొర మళ్ళీ కట్టుకోనివ్వదు. గుంట తన్ను తానే పెంచుకుంటుంది.

ఆ మొదటి క్షణాన్ని బ్రియర్లీ సూక్ష్మదర్శినితో చూడలేం. వెలుతురుతో చూసే ఏ సూక్ష్మదర్శినికైనా సుమారు 200 నానోమీటర్ల దగ్గర హద్దు ఉంది. అందుకని ఇప్పుడు ఎలక్ట్రాన్లతో, అయాన్ల పుంజాలతో చూస్తున్నారు. 2002లో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీవాళ్ళూ వాళ్ళ సహచరులూ ఈ రేణువుల చుట్టూ క్రోమియం తగ్గిన సన్నని అంచు ఉందని నేచర్ పత్రికలో రాశారు. తర్వాత వేరే ప్రయోగశాలలవాళ్ళు చూస్తే వాళ్ళ ముక్కల్లో అలాంటి అంచు కనిపించలేదు. 2010లో చైనాలోని షెన్యాంగ్‌వాళ్ళు ఆ రేణువుల లోపల ఇంకా చిన్న ఆక్సైడ్ స్ఫటికాలు ఉన్నాయని, కరగడం వాటి పక్కనే మొదలవుతోందని చూపించారు. వందేళ్ళ క్రితం దొరికిన లోహం ఎక్కడ మొదటిసారి ఓడిపోతుందో ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఇదంతా గిన్నెల గొడవ అనుకోవద్దు. 1985లో స్విట్జర్లాండులోని ఉస్టర్ అనే ఊళ్ళో ఒక ఈతకొలను పైకప్పు కూలి 12 మంది పోయారు. కప్పును వేలాడదీసిన స్టెయిన్‌లెస్ కడ్డీలను కొలను గాలిలోని క్లోరైడులు చీల్చేశాయి. గుంట తుప్పుకు ఇది దగ్గరి బంధువు. ఎప్పటికీ పాడవదు అన్న పేరును నమ్మి చూడడం మానేస్తే అంత ప్రమాదం.

బ్రియర్లీ చివరి కాలం ప్రశాంతంగా గడిచింది. 1920లో ఉక్కు శాస్త్రంలో పెద్ద గౌరవమైన బెస్సెమర్ బంగారు పతకం ఇచ్చారు. 1939లో షెఫీల్డ్ నగరం తన అత్యున్నత పౌర గౌరవం ఇచ్చింది. 1941లో ఆత్మకథ రాశారు. అదే ఏడు ఫ్రెష్‌గేట్ అనే ధర్మనిధి పెట్టారు. తనలాగా అవకాశం అందనివాళ్ళకు చేయూతనివ్వాలని ఆయన కోరిక. ఆ నిధి ఆయన తర్వాత కూడా నడుస్తూ వచ్చింది. 1948లో సముద్రతీరాన టార్కీ అనే ఊళ్ళో కన్నుమూశారు, 77 ఏళ్ళు.

ఆయన జీవితం చదివాక నాకు తోచింది ఒకటే. డిగ్రీ ఆయనకు లేదు, కాని నాన్న కన్ను ఉంది, టేలర్ ఇచ్చిన చదువు ఉంది. రెండింటిలో ఒక్కటే ఉంటే ఆ రోజు ఆ ముక్క పక్కకు పోయేది. చేయి తెలిసినవాళ్ళను గేటు బయట నిలబెట్టిన చదువూ, చదువు నాకెందుకులే అనుకున్న చేయీ, రెండూ సగం చూపుతోనే పనిచేస్తాయి. జేమ్స్ టేలర్ లాంటి ఒక్కరు సీసాలు కడిగే పిల్లవాడి వైపు తిరిగి చూడడం వల్ల ఆ రెండూ ఒకే మనిషిలో కలిశాయి. మన డిపార్టుమెంటులో, మన ఇళ్ళలో, మన వీధుల్లో కూడా సీసాలు కడిగేవాళ్ళు ఉన్నారు. వాళ్ళవైపు తిరిగి చూసేవాళ్ళు ఎవరన్నదే ప్రశ్న.

– ద్వితీయ సంవత్సరం బి.ఏ. విద్యార్థిని